సర్వరుకు నాడీపరీక్ష

వైద్యుడు రోగి నాడి చూచును. నాడి ఆడుచున్నచో ప్రాణమున్నదని తెలియును. అంతమాత్రమున రోగి లేచి పని చేయగలడని చెప్పుటకు వీలులేదు. కంప్యూటర్ల పరీక్షలలోను ఈ భేదము ముఖ్యమైనది.

1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయమున మైక్ మూస్ 'పింగ్' అను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. సోనార్ ధ్వనిని బట్టి దానికాపేరు పెట్టెను. దూరముననున్న కంప్యూటరుకు చిన్న సందేశము పంపి, ప్రతిధ్వని వచ్చునా, ఎంతసేపటికి వచ్చును అని చూచుటయే దాని పని. యంత్రము అందుబాటులో ఉన్నదని దీనివలన తెలియును. అందలి ప్రోగ్రాముల సంగతి తెలియదు.

తరువాత క్యాష్ సర్వర్లు వచ్చినవి. మాటిమాటికి కావలసిన సమాచారమును ప్రతిసారి డేటాబేసునుండి తీయక, మెమరీలో దాచి త్వరగా అందించునవే ఇవి. బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ 2003లో లైవ్‌జర్నల్ కొరకు 'మెమ్‌క్యాష్‌డ్'ను నిర్మించెను. ఇటలీ దేశీయుడైన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో 2009లో 'రెడిస్'ను వెలువరించెను. రెడిస్‌ను 'పింగ్' అని అడిగినచో 'పాంగ్' అని బదులిచ్చును. ఇచట పలుకునది యంత్రము కాదు, ప్రోగ్రామే. డిస్కునుండి పూర్వ సమాచారమును ఇంకను నింపుకొనుచున్నచో, పాంగ్ అనక ఆ సంగతినే తెలుపును. మెమ్‌క్యాష్‌డ్‌ను 'వెర్షన్' అని అడిగినచో తన వెర్షన్ సంఖ్య చెప్పును.

2013లో డాకర్ వెలువడినది. ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒకేచోట సర్దియుంచు కంటైనర్ పద్ధతి దానితో వ్యాపించెను. ప్రోగ్రాము ఆగిపోయినచో డాకర్‌కు తెలియును. ఆగక, బిగుసుకొనిపోయి బదులీయకున్నచో తెలియదు. ఈ లోటు తీర్చుటకు 2016లో డాకర్ 1.12తో 'హెల్త్‌చెక్' వచ్చెను. వేరుగా నిర్ణయింపనిచో 30 సెకండ్లకొకసారి పరీక్ష జరుగును. వరుసగా 3 సార్లు తప్పినచో కంటైనరు ఆరోగ్యము చెడినట్లు గుర్తింపబడును.

2014లో గూగుల్ ప్రకటించిన కుబర్నెటిస్‌లో రెండు ప్రశ్నలు వేరుచేయబడినవి. 'బ్రతికియున్నావా?' అను పరీక్ష తప్పినచో కంటైనరు తిరిగి ప్రారంభింపబడును. 'పనికి సిద్ధమా?' అను పరీక్ష తప్పినచో దానికి పని పంపుట మాత్రము ఆగును.

క్యాష్ సర్వరుకు ఈ విభజన ప్రాణప్రదము. కొంచెము ఆలస్యమైనదని మెమ్‌క్యాష్‌డ్‌ను తిరిగి ప్రారంభించినచో, మెమరీలో దాచినదంతయు సాధారణముగా పోవును. అంతవరకు అది మోసిన భారమంతయు ఒక్కసారిగా డేటాబేసుపై పడును. అప్పుడు జబ్బుకంటె వైద్యమే ఎక్కువ కీడు చేయును. అందుచే పరీక్ష తేలికగా ఉండవలెను. దాని తీర్పు తొందరపడరాదు.