గడి నుంచి మిల్లు దాకా: నోరు కట్టేసిన రాజీలు

నిజాం కాలంలో సూర్యాపేట, జనగామ తాలూకాల్లో దొరబిడ్డ పెళ్లయి అత్తింటికి పోతుంటే, నగానట్రాతో పాటు పేదింటి ఆడపిల్లల్ని కూడా వెంట పంపేవారు. వాళ్లే ఆడబాపలు. గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, చాకిరీ అంతా వాళ్లది. దొర కన్ను పడితే కాదనే దిక్కు లేదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసి, 1972లో వెలువడిన పుస్తకంలో ఈ ఆచారం గురించి దాపరికం లేకుండా ఉంది.

లైంగిక వేధింపుల కేసుల్లో కంపెనీలు రాయించుకునే గోప్యతా ఒప్పందాల ముచ్చట ఈ ప్రాంతంలో ఎత్తాలంటే గడి దగ్గరే మొదలుపెట్టాలి. ఆడమనిషి గోడు బయటికి పొక్కకుండా చూడటానికి దొరకు ఏ కాగితమూ అక్కర్లేదు. భూమి ఆయనది, తగువు తీర్చేదీ ఆయనే. సూర్యాపేట తాలూకా దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని సుందరయ్య రాశారు. ఆ భూమి మీద బతికే కూలి మనిషి ఎవరి దగ్గరికి పోయి చెప్పుకుంటుంది?

ఆ మౌనాన్ని మొదట పగలగొట్టింది ఊళ్లలో సంఘం అని పిలిచిన ఆంధ్రమహాసభ. తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం, వెట్టి పోవాలన్న సంఘం పిలుపు విని, పదకొండేళ్ల వయసులో ఇంట్లో బియ్యం తీసి వెట్టివాళ్లకు పంచారు. అయినవాళ్లే అడ్డుపడ్డా ఆగలేదు. తర్వాత తుపాకీ పట్టారు, ఎమ్మెల్యే అయ్యారు, 2022లో కన్నుమూసేదాకా ఆ రోజుల గురించి గొంతెత్తి చెబుతూనే ఉన్నారు.

అందరికీ ఆ అవకాశం రాలేదు. 1951లో పోరాటం ఆగాక చాలామంది ఆడవాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు, వాళ్లూ నోరు మూసుకుని పోయారు. హైదరాబాద్‌కు చెందిన స్త్రీ శక్తి సంఘటన వాళ్ల దగ్గర కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేసరికి మూడున్నర దశాబ్దాలు గడిచాయి. గడిలో జరిగిందే కాదు, పోరాట దళాల్లో పడ్డ వివక్షనూ వాళ్లు అందులో చెప్పారు. ఉద్యమం మీద ప్రేమ ఉంటూనే ఆ మాట అనగలగడం సామాన్యమైన ధైర్యం కాదు.

ఈలోగా ఊళ్లు మారాయి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాయి. మిర్యాలగూడ, కోదాడ పొలాలు వరిమళ్లయ్యాయి, రైసు మిల్లులు లేచాయి. దొర పోయి మిల్లు సేటు వచ్చాడు, వెట్టి పోయి కూలి డబ్బులు వచ్చాయి. పెద్దమనుషుల పంచాయితీ మాత్రం పోలేదు. ఆడమనిషి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఆమెను పిలిపించడం, ‘నీ పరువే పోతది బిడ్డా’ అని బుజ్జగించడం, ఇంత అని మాట్లాడి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఊళ్లకు బాగా తెలిసిన పద్ధతి. దాని మీద వకీలు ముద్ర ఉండదు గానీ, అది చేసేది గోప్యతా ఒప్పందం పనే.

కంపెనీలు చేసింది దాన్ని పకడ్బందీగా రాయించడమే. 1998లో లండన్‌లో సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ దగ్గర సహాయకురాలిగా చేసిన జెల్డా పెర్కిన్స్, మరో సహోద్యోగిని ఇద్దరూ రెండున్నర లక్షల పౌండ్లకు గోప్యతా ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ ఒప్పందం నకలు కూడా పెర్కిన్స్ దగ్గర ఉంచుకోనివ్వలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 2017లో, ఆమె దాన్ని ధిక్కరించి మాట్లాడారు. అమెరికాలో 2022 డిసెంబర్‌లో వచ్చిన స్పీక్ అవుట్ చట్టం, వేధింపు జరగకముందే ఉద్యోగులతో రాయించుకున్న గోప్యతా షరతులు చెల్లవంది. సూర్యాపేట, కోదాడల నుంచి అక్కడికి వెళ్లి సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న మన ఆడపిల్లలకు ఇది తెలియాలి. గొడవ అయ్యాక చేసుకునే రాజీల జోలికి మాత్రం ఆ చట్టం పోలేదు.

పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన మన 2013 చట్టం ఈ రాజీల విషయంలో ఒక మంచి పని చేసింది. బాధితురాలు కోరితే రాజీ కుదర్చవచ్చు గానీ, ఆ రాజీకి డబ్బు ప్రాతిపదిక కాకూడదని పదో సెక్షన్ చెబుతుంది. పదహారో సెక్షన్ ఫిర్యాదును, పేర్లను గుట్టుగా ఉంచమంటుంది. ఆమె పేరు వీధిన పడకుండా అది అవసరమే. అదే సెక్షన్ చూపించి ఆమెనే ‘ఎక్కడా మాట్లాడొద్దు’ అని బెదిరిస్తే మాత్రం గడి మళ్లీ లేచినట్టే. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు నెలలు. పోరాటకాలపు ఆడవాళ్లకు నోరు విప్పడానికి ఎన్నేళ్లు పట్టిందో చూశాక, ఈ గడువు చాలా తక్కువ.

పదిమంది కూడా లేని మిల్లులో, లేదా ఫిర్యాదు సాక్షాత్తూ సేటు మీదే అయినప్పుడు, ఈ చట్టం కింద పోవాల్సింది జిల్లా స్థానిక కమిటీ దగ్గరికి. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ కమిటీలను ప్రతి జిల్లాలో ఏర్పాటు చేసి తీరాలని గడువు పెట్టి ఆదేశించింది. సూర్యాపేటలో, నల్లగొండలో ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మిర్యాలగూడ మిల్లుల గేట్ల మీద, కోదాడ బస్టాండులో, కూలీల అడ్డాల దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలి.