జంషెడ్‌పూర్ చారిత్రక కట్టడాల పరిరక్షణ

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంతో పాటే పుట్టిన పట్టణం. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామానికి 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఇప్పటి పేరు పెట్టాడు. కెన్నెడీ, టెంపుల్, స్టోక్స్, జర్మనీ నుంచి వలస వచ్చిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ దశలవారీగా దీనికి ప్రణాళికలు వేశారు. అందువల్ల ఇక్కడ వారసత్వమంటే ఏదో ఒక కోటో గుడో కాదు. చెట్లనీడ వీధులు, క్వార్టర్లు, క్లబ్బులు, ప్రార్థనాలయాలు అన్నీ కలిసినదే.

బిష్టుపూర్ పేటలో 1930లలో లేచిన భరూచా మాన్షన్ వీటిలో ప్రముఖం. అదే పేటలో తెలుగువారి రామ మందిరం కూడా ఉంది. ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన ఆంధ్రుల చరిత్రకు అది ఆనవాలు, దాన్నీ ఈ లెక్కలో చేర్చాలి.

వీటిని కాపాడటంలో చిక్కు చట్టంలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నూరేళ్లు నిండినవాటినే పరిగణిస్తుంది. ఈ ఊరి మంచి భవనాలు చాలావరకు అంతకన్నా తక్కువ వయసువి. పైగా ఊరి భూమి చాలావరకు ప్రభుత్వం టాటా స్టీల్‌కు లీజుకిచ్చినది, కాబట్టి పరిరక్షణకు ఆ సంస్థ సహకారమూ కావాలి.

మరమ్మతుల్లోనూ జాగ్రత్త అవసరం. పాత సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే వానాకాలపు చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు తేలి, ఇటుక పొరలుగా రాలుతుంది. అలాంటి చోట సున్నమే వాడాలి.

స్కాట్లండ్‌లో మిల్లు కార్మికుల ఊరైన న్యూ లానార్క్‌ను యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ కార్మికుల ఇళ్లను బాగుచేసి మళ్లీ కాపురాలకే ఇచ్చారు. జంషెడ్‌పూర్ పాత క్వార్టర్లకు ఆ పద్ధతి సరిగ్గా నప్పుతుంది.