ఇంటిగుట్టు నవలలు – వాని పాఠకులు



ఇంటిగుట్టు లంకకు చేటను సామెత మనమందరము ఎరిగినదే. గుట్టు బయలుపడుటచే చేటు కలుగునని దాని భావము. కాని గుట్టు బయలుపడకుండుటచేతనే చేటు మూడిన యిండ్లును కలవు. అట్టి యిండ్లను గూర్చి ఇంగ్లండు దేశమున 1860 ప్రాంతమున ఒక తెగ నవలలు పుట్టెను. అచ్చటి విమర్శకులు వానిని ఈసడించుచు ‘సెన్సేషన్ నవల’లనిరి. 1938లో వెలువడిన డాఫ్నే డు మారియే ‘రెబెక్కా’కును, 2012లో వెలువడిన జిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’కును ఇవియే పూర్వులు. వ్రాసినవారి చరిత్ర ఎచ్చటనైన దొరకును. చదివినవారు ఆ కథలనేమి చేసికొనిరో అది నేడు నేను ముఖ్యముగా విన్నవింపదలచితిని.

అంతకు పూర్వపు ఆంగ్ల కథలలో భయము పాడుపడిన కోటలలోను, పరదేశపు మఠములలోను నివసించుచుండెను. విల్కీ కాలిన్సు దానిని భోజనశాలలోనికి తెచ్చెను. అతని ‘ది వుమన్ ఇన్ వైట్’, అనగా తెల్లచీర గట్టిన స్త్రీ యని మనము చెప్పుకొనవచ్చును, చార్లెస్ డికెన్సు నడపిన వారపత్రికలో 1859 నవంబరు మొదలు 1860 ఆగస్టు వరకు వెలువడెను. కథ యిది. లారా యను ధనవంతురాలిని సర్ పెర్సివల్ గ్లైడు పెండ్లాడెను. ఆమె మరణించినచో ఇరువదివేల పౌనులు అతనికి సంక్రమించును. ఆమెను పోలిన అన్ను అను దిక్కులేని పిల్ల యొకతె హృద్రోగముచే చనిపోగా, భర్తయు అతని మిత్రుడైన ఫాస్కో ప్రభువును ఆ పిల్లను లారా పేర పాతిపెట్టించి, బ్రతికియున్న లారాను అన్ను పేర పిచ్చాసుపత్రిలో బెట్టిరి. తాను లారానని ఆమె యెంత మొరపెట్టుకొన్నను, అదియే ఆమె పిచ్చికి నిదర్శనమాయెను! ఇచ్చట భూతము లేదు, బేతాళుడు లేడు. ఉన్నవి పెండ్లి ఒప్పందమును, మరణపత్రమును, సమాధిరాతియును.

ఈ కథను రచయిత తాను చెప్పడు. న్యాయస్థానమున సాక్షులవలె ఒక్కొక్కరు తాము కన్నంతవరకే వాఙ్మూలమిత్తురు. తీర్పు చెప్పవలసినవాడు పాఠకుడు. వారమునకొక భాగము వచ్చుటచే నడుమనున్న ఆరు దినములును ఇంటింట తర్కమే. రచ్చబండమీద కూర్చుండి తగవు తీర్చిన మీకు ఆ సుఖమెట్టిదో నేను చెప్పనక్కరలేదు. అంగళ్లలో ఆ నవల పేర అత్తరులు, టోపీలు కూడ అమ్మిరి. అది వర్తకుల చాతుర్యము. దానికంటె నాకు వింతగా తోచినది మరియొకటి కలదు. లారా లండనుకు బయలుదేరిన తేదీ, ఆమె పేర వ్రాసిన మరణపు తేదీకి తరువాతిదని నిరూపించినగాని మోసము తేలదు. కథ యంతయు ఆ యొక్క దినముపై నిలిచియున్నది. పుస్తకము వెలువడిన పిమ్మట ‘టైమ్సు’ పత్రికా విమర్శకుడు తేదీలన్నియు లెక్కగట్టి, పక్షము దినముల తేడా వచ్చుచున్నదని బయటపెట్టెను. కాలిన్సు తరువాతి కూర్పున దానిని సరిదిద్దవలసివచ్చెను. రచయితను సాక్షిపీఠముపై నిలిపి అడ్డుప్రశ్నలు వేయగల పాఠకులను నవలయే తయారుచేసెనన్నమాట.

ఆ పాఠకులకు ఇది వట్టి కాలక్షేపము కాదు. నాటి ఇంగ్లీషు ధర్మశాస్త్రమున వివాహిత స్త్రీకి ప్రత్యేకముగ ఏర్పాటు చేసిననే తప్ప సొంత ఆస్తి లేదు. ఆమె సొమ్ము పెనిమిటిదే. స్త్రీధనమను మాట గల మన ధర్మశాస్త్రము చదివినవారికి ఇది విడ్డూరముగా దోచును. మరియు ఇద్దరు వైద్యులు సంతకము చేసిన చాలును, భార్యను పిచ్చాసుపత్రికి పంపవచ్చును. 1858లో ఎడ్వర్డు బుల్వర్ లిట్టను అను మంత్రి తన్ను ఎన్నికల సభలో బహిరంగముగా నిందించిన భార్య రోజినాను అట్లే బంధింపజేసెను. పత్రికలు గగ్గోలు పెట్టగా సుమారు మూడు వారములకు ఆమె విడుదల పొందెను. ఆ మంత్రియు పేరుమోసిన నవలాకారుడే!

‘ది వుమన్ ఇన్ వైట్’ ఇంకను సాగుచుండగానే, 1860 జూను చివరి రాత్రులలో, విల్ట్‌షైరు మండలములోని రోడ్ అను గ్రామమున ఒక గృహస్థుని యింట నాలుగేండ్లు నిండని సావిల్ కెంటు అను బాలుడు హతుడాయెను. తలుపులు లోపలనే గడియ వేసియున్నవి. స్కాట్లండు యార్డునుండి వచ్చిన విచ్చరు అను అధికారి, కనబడకుండపోయిన ఒక రాత్రిగౌనును ఆధారముగా గొని, పదునారేండ్ల సవతి సోదరి కాన్‌స్టెన్సును పట్టుకొనెను. పెద్దింటి పిల్లపై నింద మోపెనని లోకమతనినే దుమ్మెత్తిపోసెను, ఆమె విడుదలయయ్యెను. ఐదేండ్లకు, 1865లో, ఆమె తానే నేరమొప్పుకొనెను. తమ యిండ్లలో కూర్చుండి దినపత్రికలు చదువుచున్నవారెందరో హంతకుడు ఫలానాయని ఊహించి అధికారులకు జాబులు వ్రాసిరి. నవల నేర్పిన విద్య నిజమైన శవము మీద ప్రయోగించుట నాకు రుచింపదు. ఒక నిరపరాధిని దాదిని ఆ ఊహలు ఎంతకాలము బాధించెనో తలచుకొనిన, పాఠకుల తెలివిని పొగడుటకు నోరు రాదు. ఆ రాత్రిగౌనునే కాలిన్సు 1868లో ‘ది మూన్‌స్టోన్’ నవలలో రంగు అంటిన వస్త్రముగా మార్చుకొనెను. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో కొల్లగొనబడిన వజ్రము ఆ కథకు మూలమగుట మన దక్షిణాదివారు గమనింపదగినది.

విమర్శకులలో హెన్రీ మాన్సెలను తత్త్వవేత్త 1863లో ఈ తెగనంతటిని దూషించెను. ఇవి బుద్ధితో కాక నరములతో మాటలాడుచున్నవని అతని ఆక్షేపణ. తమ కాలపువారును, తాము నిత్యము కలియు మనుష్యులును నేరస్థులుగా కనబడుట మరియొకటి. ఆ రెండవదానియందే ఈ నవలల బలమున్నదని నా అభిప్రాయము. మేరీ ఎలిజబెత్ బ్రాడను వ్రాసిన ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’ (1862)లో అందమైన యిల్లాలే మొదటి భర్తను నూతిలోనికి త్రోసినది. ఆమెను చివరకు పరదేశపు పిచ్చాసుపత్రిలో మూసివేసి రచయిత్రి కథ ముగించినది. నీతి నిలిచినదని కొందరు సంతసించిరి. కాని లారాను బంధించినప్పుడు కన్నీరు గార్చిన పాఠకులే, ఈమెను బంధించినప్పుడు ఊరట చెందిరే! తాళము మాత్రమొక్కటే.

పుస్తకములవలననే చట్టములు మారెనని నేననను. అయినను 1870లోను, 1882లోను వివాహితల ఆస్తి చట్టములు వచ్చెను. 1890 చట్టముచే ధనమిచ్చి ఉంచు రోగినైనను న్యాయాధికారి ఉత్తరువు లేక బంధించుట తప్పిపోయెను. ఆ నడుమ 1878లో జార్జినా వెల్డను అను గాయనిని భర్త పిచ్చాసుపత్రికి పంప యత్నింపగా, ఆమె పారిపోయి దాగుకొని, వైద్యుల పత్రముల గడువు దాటించినది. అప్పుడామె పేర వ్యాజ్యమాడు హక్కు ఆమెకు లేకుండెను. 1882 చట్టము రాగానే న్యాయవాది నక్కరలేక తానే న్యాయస్థానమున నిలిచి, తన్ను చూడవచ్చిన వైద్యులపై దావాలు వేసినది. 1884లో పత్రముపై సంతకము చేసిన వైద్యునిపై జూరీవారు ఆమె పక్షమున తీర్పుచెప్పిరి.