విదేశాల్లో ఆంగ్ల బోధన: పరిచయాలే తొలి మెట్టు

ఉప్పలగుప్తం: కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లినవారిలో చాలామందికి దారి చూపింది ముందుగా వెళ్లిన బంధువులు, ఊరివారే. ఇంటిపనికి, డ్రైవరు కొలువుకు అక్కరకొచ్చిన ఈ పద్ధతి, ఆంగ్లంలో ఎంఏ, బీఈడీ పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న యువతకూ పనికివస్తుంది. అయితే ఎవరిని అడగాలో, ఏమి అడగాలో తెలిసి ఉండాలి.

దూరపు పరిచయాలే మేలు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఉద్యోగాలు ఎలా దొరుకుతున్నాయో పరిశీలించి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. పరిచయస్థుల ద్వారా కొలువు పొందినవారిలో, ఆ పరిచయస్థుని తరచుగా కలిసేవారు 16.7 శాతమేనని తేలింది. మిగిలినవారంతా అప్పుడప్పుడు లేదా అరుదుగా కలిసేవారే. ఇరుగుపొరుగుకు తెలిసిన సంగతి మనకూ తెలిసే ఉంటుంది. బీఈడీలో పక్కన కూర్చుని చదివి, తర్వాత మస్కట్ చేరిన సహాధ్యాయికి తెలిసినది మనకు తెలియదు. అందుచేత పాత సహాధ్యాయులు, పాఠం చెప్పిన అధ్యాపకులు, ప్రైవేటు పాఠశాలలో కలిసి పనిచేసినవారి పేర్లు ముందుగా రాసుకోవాలి. గల్ఫ్‌లో పాఠశాల బస్సు నడిపే మన మండలంవారినీ మరువరాదు. ఏ టీచరు మానేస్తున్నారో దరఖాస్తుదారుల కంటే ముందు వారి చెవిన పడుతుంది.

ఎక్కడ అవకాశం

మనవారికి ముఖ్యమైన ద్వారం గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ పాఠశాలలు. ఇవి సాధారణంగా డిగ్రీ లేదా పీజీతోపాటు బీఈడీ కోరతాయి. విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక డిసెంబరు నుంచే వాకబు చేయడం మంచిది. మాల్దీవుల పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ఉండటంతో భారతీయ ఉపాధ్యాయులు దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తున్నారు. ఇథియోపియాలో మొదట పాఠశాలల్లో, తర్వాత విశ్వవిద్యాలయాల్లో భారతీయులు బోధించారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. చైనా, దక్షిణ కొరియా నిబంధనలు మాత్రం ఆంగ్లం మాతృభాషగా గల దేశాలవారికే ఎక్కువగా అనుకూలం. అక్కడ ఉద్యోగం సులభమని ఎవరైనా చెబితే సందేహించవలసిందే.

పరిచయస్థుణ్ని 'ఉద్యోగం ఇప్పించండి' అంటే ఆయన ఇబ్బంది పడతారు. ఖాళీ ఉందా, దరఖాస్తు ఎవరికి పంపాలి, జీతం నెలనెలా అందుతున్నదా, వసతి ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉంచుతారు అని అడిగితే సూటిగా జవాబు చెప్పగలరు. ఈ ప్రశ్నలకు జీతం తీసుకునేవాడు చెప్పే సమాధానం ఏ ప్రకటనలోనూ దొరకదు. బోధించిన తరగతులు, సంవత్సరాలు, బీఈడీ మార్కులు ఒకే పేజీలో పంపితే వారు దానిని ప్రిన్సిపాల్‌కు అందించడం తేలిక.

సొమ్ము అడిగితే

సమాచారం ఇచ్చేవారు వేరు, సొమ్ము తీసుకుని పంపేవారు వేరు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం నేరం. బావ అయినా, బాబాయి అయినా ఇదే వర్తిస్తుంది. రిజిస్టరైన ఏజెంటు వసూలు చేయదగిన రుసుము గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు పేరును కేంద్రం నిర్వహించే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా పంపి, సైబర్ మోసాలు చేయించిన వ్యవహారం 2024 మేలో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. బాధితులకు ఎర వేసిందీ స్థానిక ఏజెంట్లే.

'ముందు విజిట్ వీసాపై రండి, తర్వాత చూద్దాం' అన్న మాటకు లొంగరాదు. ఆ వీసాపై పాఠం చెబితే జరిమానా పడేదీ, వెనక్కి పంపేదీ ఉపాధ్యాయుడినే. పాఠశాల నుంచి నేరుగా వచ్చిన నియామక పత్రం చేతికి అందాక, పాఠశాల పేరు, జీతం, ఒప్పంద కాలం సరిచూసి ముందుకు సాగాలి. సర్టిఫికెట్ల ధ్రువీకరణకు వారాలు పడుతుంది. ఒమన్‌కు అపోస్టిల్ చాలు గాని, కువైట్, ఖతార్‌లకు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అసలు పత్రాలు పరిచయస్థుల చేతికి ఇవ్వక, నకళ్లే పంపాలి.