సన్నిధివీధి అంగళ్లు

తిరుమల ఆలయ శాసనాలు వెయ్యికి పైనే. ఏ దాత ఏ నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎన్ని మిరియాలు ఏర్పాటు చేశాడో రాతిలో చెక్కి ఉంది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి పండితులు ఓపిగ్గా చదివి పెడితే, 1930ల్లో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. అదే గుడి ఎదుట కర్పూరం, పసుపు, కుంకుమ, టెంకాయలు అమ్ముకుని బతికిన కుటుంబాల గురించి అచ్చులో కనిపించేది బహు తక్కువ. ఈ లోటు నన్ను చాలా కాలంగా బాధిస్తోంది.

ఇప్పుడు కొండకు వెళ్లేవాళ్లకు గుడి చుట్టూ విశాలమైన మాడవీధులు, గ్యాలరీలు కనిపిస్తాయి. వెనకటి కొండ అలా ఉండేది కాదు. మహాద్వారం ఎదురుగా సన్నిధివీధి, వెయ్యికాళ్ల మండపం, ఆ చుట్టుపక్కల మఠాలు, ఇళ్లు, అంగళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ముందు గదిలో అంగడి, వెనక గదుల్లో కాపురం. వేకువన సుప్రభాతం వినిపించే దూరంలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే తక్కెడ పట్టిన వాళ్లున్నారు.

ఆ తక్కెడలోకి సరుకు ఎలా వచ్చేదో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944 ఏప్రిల్ 10న. అంతకు ముందు ఉప్పయినా, పప్పయినా, కిరసనాయిలు డబ్బా అయినా మనిషి మోసుకొస్తేనే పైకి చేరేది. అలిపిరిలో మూట నెత్తికెత్తుకుంటే గాలిగోపురం దాటాలి, మోకాళ్లపర్వతం ఎక్కాలి. ఒట్టి చేతులతో ఎక్కేవాళ్లకే అక్కడ ఊపిరి అందదు. కొండమీద టెంకాయ ధర రెండు పైసలు ఎక్కువంటే అందులో ఆ మోత కూలీ కూడా ఉందని యాత్రికులకు తెలియకపోవచ్చు. రోడ్డు పడ్డాక బస్సులొచ్చాయి, జనం పెరిగారు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక పైకీ కిందికీ వేర్వేరు దారులయ్యాయి.

ఆ తరం అంగడివాళ్లు లెక్కల్లో రెండు పెద్ద మార్పులు చూశారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. పావలాకు 25 అంటే చిక్కు లేదు. బేడకు 12, మూడణాలకు 19 అని చెప్పి ఒప్పించడమే కష్టం. ఆ తర్వాత కొన్నేళ్లకే ఏబులం, పదలం, అరవీశె, వీశె పోయి కిలోలొచ్చాయి. వీశె అంటే సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. పాత తూకానికి అలవాటుపడిన తమిళ యాత్రికుడికి, మరాఠీ యాత్రికుడికి ఈ లెక్క వాళ్ల భాషలో చెప్పాల్సింది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషే. కొండమీద అంగడివాళ్లకు నాలుగైదు భాషలు వచ్చాయంటే బడిలో నేర్చినవి కావు.

అమ్మకం ఒక్కటే వాళ్ల పని కాదు. తప్పిపోయినవాళ్లు ఎదురుచూసే చోటు అంగడే, గుండు కొట్టించుకునే దారి చెప్పేదీ అంగడే. కొండమీద కాపురమున్న వాళ్లకు నెల సరుకు పద్దు మీద ఇచ్చిందీ అంగడే.

రద్దీ పెరిగాక మాస్టర్ ప్లాన్ వచ్చింది. గుడి చుట్టూ ఉన్న ఇళ్లు, అంగళ్లు విడతలవారీగా తీసేశారు. చాలామంది కొండమీదే బాలాజీనగర్‌కు, మరికొందరు కింద తిరుపతికి చేరారు. 15వ శతాబ్దంలో సాళువ మల్లయ్య కట్టించిన వెయ్యికాళ్ల మండపాన్నీ 2003లో తొలగించారు. లక్షల మంది చేరే బ్రహ్మోత్సవాలకు ఆ ఇరుకు చాలదు, వీధులు వెడల్పు చేయక తప్పదు. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ తీసేసే ముందు ఏ ఇల్లు ఎవరిది, ఏ అంగడి ఎన్ని తరాలది, ఏం అమ్మేవాళ్లు అని వివరంగా రాసి, ఫొటోలతో పుస్తకంగా జనం ముందు పెట్టాల్సింది. పరిహారం లెక్కలకు కొలతలు సరిపోతాయి, చరిత్రకు చాలవు.

ఇప్పటికీ ఆలస్యం కాలేదు. సన్నిధివీధిలో పెరిగిన పెద్దలు బాలాజీనగర్‌లో, తిరుపతి వీధుల్లో ఉన్నారు. మీ ఇంటి అటకమీద పాత పద్దు పుస్తకమో, తూకపు రాళ్లో, అంగడి ముందు దిగిన ఫొటోనో ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. మీ పెద్దవాళ్లను కూర్చోబెట్టి పేర్లు, చోట్లు అడిగి రాసుకోండి. తిరుమలలోని ఎస్వీ మ్యూజియంలో ఆ అంగళ్లకూ ఒక గది కేటాయించాలని దేవస్థానాన్ని కోరుతున్నాను.