ఇమ్జిన్‌రోక్: మొదటివాడు, రెండోవాడు

2004 నవంబర్ 12. దక్షిణ కొరియాలో ఒక స్టార్‌క్రాఫ్ట్ సెమీఫైనల్. అయిదు ఆటల్లో ముందుగా మూడు గెలిచినవాడు ఫైనల్‌కి వెళ్తాడు. ఒక పక్క ఇమ్ యోహ్వాన్, ఇంకో పక్క హాంగ్ జిన్‌హో. అప్పటికి మూడేళ్ళుగా ఆ దేశపు కుర్రకారు ఈ ఇద్దరి పేర్లమీద రెండు వర్గాలై వాదించుకుంటున్నారు. ఆ సాయంత్రం జనం ఫ్రైడ్ చికెన్ ఆర్డర్ చేసి టీవీల ముందు కూచున్నారట. చికెన్ వచ్చేసరికి మ్యాచ్ అయిపోయిందట. కొరియాలో ఇప్పటికీ చెప్పుకునే జోకు ఇది. జోకే గానీ మరీ పెద్ద అతిశయోక్తి కూడా కాదు. మూడు ఆటలూ ఒకేలా మొదలై, ఒకేలా, నిమిషాల మీద ముగిశాయి. 3-0.

ఏం జరిగిందో అర్థం కావాలంటే ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. స్టార్‌క్రాఫ్ట్‌ని చదరంగంతో పోలుస్తారు గానీ, ఇందులో వంతులుండవు. ఇద్దరూ ఒకేసారి ఎత్తులు వేస్తుంటారు, పైగా ఎదుటివాడి బోర్డు మనకి కనపడదు. గనులు తవ్వించాలి, ఆ డబ్బుతో కట్టడాలు కట్టాలి, సైన్యాన్ని పెంచాలి. ఆట మొదట్లోనే ఒక చిక్కు ఉంటుంది. వచ్చిన డబ్బు రెండో స్థావరం మీద పెడితే తర్వాత ధనవంతుడివి అవుతావు, కానీ కాసేపు నీ దగ్గర సైనికులుండరు. హాంగ్ ఆ రోజు ముందు రెండో స్థావరానికే వెళ్ళాడు. ఇమ్ తన బ్యారక్స్‌ని ఇంటి దగ్గర కాకుండా దారి మధ్యలో కట్టుకుని, కొద్దిమంది సైనికుల్నీ, వాళ్ళతోపాటు పనివాళ్ళనీ తీసుకుని నేరుగా ఆ కొత్త స్థావరం గుమ్మంలోకి వెళ్ళి అక్కడ బంకర్ కట్టేశాడు. బంకర్ లోపల ఉన్నవాడు కాల్చగలడు, వాడిని కాల్చాలంటే ముందు బంకర్ కూలాలి. హాంగ్ చేతిలో ఉన్నది గనుల్లో పనిచేసే డ్రోన్లే. వాటినే యుద్ధానికి తోలాడు. పోయాయి.

రెండో ఆట, మళ్ళీ అదే. మూడో ఆట, మళ్ళీ అదే.

మా ఇంజనీరింగ్ హాస్టల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాళ్ళం. అందులో దీనికి తమ్ముడిలాంటిది 'టవర్ రష్' అని ఒకటుంది. అది చేసి గెలిచినవాడితో మెస్‌లో రెండ్రోజులు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. రూల్స్‌లో తప్పేం లేదు, కానీ రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్లు పక్కన పడేసి కూచున్నది గంటసేపు యుద్ధం చేద్దామని కదా. కాబట్టి కొరియా అభిమానుల కోపం నాకు వెంటనే అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూచున్న నెలల్లో నేను ఈ మ్యాచ్ గురించి మొదట చదివాను. అప్పట్లో అది నాకు ఒక మోసం కథ. తర్వాత పదేళ్ళలో మెల్లగా ఉద్యోగం కథగా మారింది.

*

1997 చివర్లో కొరియా పెద్ద ఆర్థిక సంక్షోభంలో పడింది. ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఉద్యోగాలు పోయినవాళ్ళలో కొందరు చేతిలో ఉన్న డబ్బుతో 'పీసీ బాంగ్'లు పెట్టుకున్నారు. మన ఇంటర్నెట్ సెంటర్ల లాంటివే, గంటకింత అని. 1998లో బ్లిజార్డ్ అనే అమెరికన్ కంపెనీ స్టార్‌క్రాఫ్ట్‌నీ, ఆ ఏడాది చివర్లోనే దాని విస్తరణ 'బ్రూడ్ వార్'నీ విడుదల చేసింది. ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు, చవగ్గా దొరికే కంప్యూటర్లు, వేగంగా పాకిన బ్రాడ్‌బ్యాండ్, పక్కపక్కనే కూచుని ఆడుకోగలిగే ఆట. అన్నీ కలిశాయి. 2000లో ఇరవైనాలుగు గంటలూ ఆటలే చూపించే 'ఆన్‌గేమ్‌నెట్' ఛానెల్ వచ్చింది. అదే ఏడాది ఆటగాళ్ళకి లైసెన్సులిచ్చే సంఘం కూడా ఏర్పడింది.

ఆ ఛానెల్‌కి ఒక హీరో కావాలి. ఇమ్ యోహ్వాన్ దొరికాడు. స్టార్‌క్రాఫ్ట్‌లో మూడు జాతులుంటాయి: టెర్రన్, జెర్గ్, ప్రోటాస్. టెర్రన్‌తో గెలవడం కష్టమని అందరూ అనుకునే రోజుల్లో ఇతను టెర్రన్‌తోనే గెలిచాడు. కొద్దిమంది సైనికుల్ని రవాణా విమానాల్లో ఎక్కించి శత్రువు పెరట్లో దించేవాడు. చూసేవాళ్ళకి అది ఇంద్రజాలం. 2001లో రెండుసార్లు వరసగా ఆన్‌గేమ్‌నెట్ లీగు గెలిచాడు. అందులో రెండో ఫైనల్లో 3-2తో ఓడిపోయినవాడే హాంగ్ జిన్‌హో.

హాంగ్ ఆడేది జెర్గ్. అతని ఆటకి 'తుఫాను' అని పేరు. ఆగడు, ఊపిరి తీసుకోనివ్వడు, ఒకదాని మీద ఒకటిగా దాడులు. 2002లో వరల్డ్ సైబర్ గేమ్స్ ఫైనల్లో మళ్ళీ వీళ్ళిద్దరే. మళ్ళీ ఇమ్ గెలిచాడు. అభిమానులు ఈ పోటీకి 'ఇమ్జిన్‌రోక్' అని పేరు పెట్టారు. ఇమ్ పేరులోంచి 'ఇమ్', జిన్‌హోలోంచి 'జిన్'. 'రోక్' అంటే చరిత్ర, గ్రంథం. 1592లో జపాన్ కొరియా మీదికి దండెత్తి వచ్చిన యుద్ధాన్ని ఇమ్జిన్ యుద్ధం అంటారు, దాని మీద ఇదే పేరుతో పాతకాలపు నవల ఒకటుంది. మన దగ్గర ఇద్దరు క్యారమ్స్ ఆటగాళ్ళ పోటీకి 'పలనాటి వీరచరిత్ర' అని పేరు పెట్టినట్టు అనుకోండి. సగం వేళాకోళం, సగం భక్తి.

ఆ భక్తిని కంపెనీలు పసిగట్టాయి. 2004 నాటికి ఇమ్ ఎస్‌కే టెలికామ్ జట్టులో ఉన్నాడు, హాంగ్ కేటీఎఫ్ జట్టులో. రెండూ మొబైల్ కంపెనీలే, బజార్లో బద్ధశత్రువులే. ఆ జూలైలో బుసాన్ నగరంలోని గ్వాంగల్లి బీచ్‌లో జరిగిన జట్ల లీగు ఫైనల్‌కి లక్షమంది వచ్చారని లెక్కగట్టారు. నాలుగు నెలల తర్వాత ఆ మూడు బంకర్లు.

*

ఆ రోజు హాంగ్ మూడోసారి కూడా రెండో స్థావరానికే ఎందుకు వెళ్ళాడు? మొదట్లో నాకు అది మొండితనంలా కనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. ఒకే ఎత్తు మూడుసార్లు ఎవరూ వెయ్యరు. అందులోనూ ఇన్ని కళ్ళముందు, అంత పేరున్నవాడు అసలు వెయ్యడు. అలా ఆలోచిస్తే హాంగ్ లెక్క సరైనదే. ఇమ్ ఆ లెక్కనే లెక్కలోకి తీసుకున్నాడు. తన పరువు పోయినా ఫరవాలేదనుకున్నవాడికి మాత్రమే ఆ ఎత్తు అందుతుంది.

అందుకు మూల్యం కూడా వెంటనే చెల్లించాడు. అదే నెల ఫైనల్లో ఛె యొన్‌సంగ్ అనే తన జట్టు కుర్రాడితో తలపడ్డాడు. ఆ కుర్రాణ్ణి జట్టులోకి తెచ్చి పెంచింది ఇమ్మే. 3-2తో శిష్యుడు గెలిచాడు. వేదిక మీద ఇమ్ ఏడ్చేశాడు.

మరి హాంగ్? 2001 నుంచి 2003 దాకా పెద్ద లీగుల్లో అయిదుసార్లు ఫైనల్‌కి వెళ్ళాడు. అయిదుసార్లూ ఓడిపోయాడు. ఇమ్ చేతిలోనే కాదు, తర్వాత వచ్చినవాళ్ళ చేతిలో కూడా. శిష్యుడు ఛె చేతిలో కూడా. మనిషి పొట్టి కాబట్టి అభిమానులు 'కోంగ్' అని ముద్దుపేరు పెట్టారు, అంటే చిక్కుడుగింజ లాంటి గింజ. ఎప్పుడూ రెండో స్థానంలో ఆగిపోయే ఆటగాళ్ళందరినీ కలిపి 'కోంగ్ వరస' అనడం మొదలైంది. ఫిబ్రవరి 22 అతని పండగ అయింది. అతని గురించి ఏ మాటైనా ఇంటర్నెట్‌లో రెండుసార్లు రాయడం ఆచారమైంది. అతని గురించి ఏ మాటైనా ఇంటర్నెట్‌లో రెండుసార్లు రాయడం ఆచారమైంది.

మనం రిజల్ట్స్ రాగానే టీవీలో ర్యాంకుల పాట వింటూ పెరిగినవాళ్ళం. ఒకటి, ఒకటి, ఒకటి అని అరిచే ఆ ప్రకటనల్లో రెండో ర్యాంకువాడి ఫోటో కాస్త చిన్నది. వాడి మీద జోకులు వేసుకునేంత ప్రేమ కూడా ఎవరికీ ఉండదు. అందుకే ఈ కోంగ్ వ్యవహారం నన్ను ఆపింది. ఓటమిని అతని పేరుతో కలిపి ఒక ఇంటిపేరులా చేసేశారు. అతనికి కోపం వచ్చే ఉంటుంది. కానీ ఆ ఇంటిపేరే తర్వాత అతన్ని మోసింది.

*

ఆ రోజుల్లో కొరియాలో మగవాళ్ళు దాదాపు రెండేళ్ళు సైన్యంలో పనిచెయ్యాల్సి వచ్చేది. వేళ్ళ వేగం మీద బతికేవాడికి రెండేళ్ళు విరామం అంటే రిటైర్మెంటే. 2006లో ఇమ్ వైమానిక దళంలో చేరాడు. 2007లో వైమానిక దళం ఏకంగా ఒక స్టార్‌క్రాఫ్ట్ జట్టునే పెట్టింది, పేరు 'ఏస్'. జట్టు ఎక్కువగా పట్టిక అడుగు భాగంలోనే ఉండేది, అది వేరే సంగతి. తర్వాత హాంగ్ కూడా అందులో చేరాడు. 2009 జూన్ 20న యూనిఫామ్‌లో కూచుని, అప్పటి మేటి ఆటగాళ్ళలో ఒకడైన కిమ్ తెక్‌యోంగ్‌ని ఓడించాడు. లీగులో రెండేళ్ళ తర్వాత అతనికి దొరికిన మొదటి గెలుపు. ఒక్క మామూలు లీగు ఆట. అభిమానులు ఆ రోజుని పెద్ద యుద్ధవిజయంలా తేదీతో సహా గుర్తుపెట్టుకున్నారు.

2010లో ఇల్లు కూలడం మొదలైంది. డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయిన ఆటగాళ్ళ వ్యవహారం బయటపడింది. వాళ్ళలో ఒకప్పటి ఛాంపియన్ మా జేయూన్ కూడా ఉన్నాడు, ఆజీవన నిషేధం పడింది. అదే ఏడాది ప్రసార హక్కుల మీద బ్లిజార్డ్‌కీ కొరియా సంఘానికీ గొడవ ముదిరింది. ఆట మాది, మీరెవరు లీగులు నడపడానికి అన్నది బ్లిజార్డ్ మాట. జూలైలో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చింది. పదేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఒక్కసారిగా 'పాత వెర్షన్' అయిపోయింది.

ఈ చోటే కథ నాదైంది. నా మొదటి ఆరేళ్ళ అనుభవం ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే టూల్ మీద. అందులో నాకు తెలియని మూల లేదనుకునేవాణ్ణి. ఒకరోజు ఆ కంపెనీ దాన్ని ఆపేస్తున్నామని రెండు పేరాల మెయిల్ పంపింది. ఆ రోజు నాకు అర్థమైంది, నా నైపుణ్యం అనుకున్నది చాలావరకు వాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చుకున్నదే.

ఇమ్ ముందునుంచీ ఒక మాట చెప్తుండేవాడు, ముప్ఫైల్లో కూడా ప్రొఫెషనల్‌గా ఆడతానని. ఇరవై మూడుకే ముసలివాళ్ళయ్యే రంగంలో అది మొండిమాట. 2010లో అతనికి ముప్ఫై. పాత జట్టుని వదిలి కొత్త ఆటకి మారాడు, సొంతంగా 'స్లేయర్స్' అనే జట్టు కూడా పెట్టాడు. మొదటి లీగుల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు గానీ మళ్ళీ చక్రవర్తి కాలేదు. 2012లో జట్టు మూతపడింది. కొన్నాళ్ళు పాత జట్టుకి కోచ్‌గా ఉండి, 2013లో అదీ వదిలి పోకర్‌కి వెళ్ళాడు. హాంగ్ కొత్త ఆటకి వెళ్ళలేదు, 2011లో రిటైరయ్యాడు. 2012 ఆగస్టులో బ్రూడ్ వార్ మీద చివరి ఆన్‌గేమ్‌నెట్ లీగు ఫైనల్ జరిగింది.

ఆ తర్వాతే చిత్రం. 2013లో 'ద జీనియస్' అనే టీవీ షో వచ్చింది. ఎత్తులు, పొత్తులు, వెన్నుపోట్లు ఉన్న బుర్రల పోటీ. దాని మొదటి సీజన్ గెలిచింది హాంగ్ జిన్‌హో. రెండో సీజన్‌లో ఇమ్ కూడా వచ్చాడు, ఫైనల్ దాకా వెళ్ళాడు, ఓడిపోయాడు. అంటే రెండో స్థానం. ఇంతకాలం పక్కవాడికి అంటగట్టిన అంకె ఆఖరికి తన ఇంటికొచ్చింది. కొన్నేళ్ళకి హాంగ్ కూడా పోకర్‌లోకి వెళ్ళి టోర్నమెంట్లు గెలిచాడు. ఇద్దరూ చివరికి ఒకే రకం బల్ల దగ్గర తేలారు. ఎదుటివాడి చేతిలో ఏముందో కనపడని ఆట, ఏ కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చెయ్యలేని ఆట.

మనకి ఓడినవాళ్ళని ప్రేమించడం కొత్తేం కాదు. కర్ణుడి మీద పద్యాలు వచ్చినప్పుడు హాల్లో పడే చప్పట్లు అర్జునుడికి పడవు. కానీ హాంగ్‌ని కర్ణుడిని చేస్తే తప్పు దారి పట్టినట్టే. కర్ణుడు యుద్ధంలోనే పోయాడు. హాంగ్ ఓడిపోయి, మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చాడు, మళ్ళీ ఓడిపోయి మళ్ళీ వచ్చాడు. ఇమ్ కూడా అంతే. చక్రవర్తి అనిపించుకున్నవాడు ముప్ఫై ఏళ్ళ వయసులో కొత్త ఆటలో కుర్రాళ్ళ పక్కన క్వాలిఫయర్‌లో కూచోవడం చిన్న విషయం కాదు.

2017లో బ్లిజార్డ్ పాత స్టార్‌క్రాఫ్ట్‌కే రంగులద్ది మళ్ళీ విడుదల చేసింది. జూలై 30న ఆ వేడుక పెట్టింది ఎక్కడో కాదు, గ్వాంగల్లి బీచ్‌లోనే. పాత ఆటగాళ్ళని పిలిచారు. ఇమ్‌ని ఒక్కణ్ణే పిలిచి కప్పులు చూపించమనలేదు. ఇమ్‌నీ హాంగ్‌నీ ఎదురెదురుగా కూచోబెట్టారు.

ఆట ఒక కంపెనీది. ఛానెల్ ఇంకొకరిది. జట్టు ఫోన్ కంపెనీది. రెండేళ్ళ వయసు దేశానిది. ఈ ఇద్దరి జీవితాల్లో ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయింది ఎదుట కూచున్న మనిషిని మాత్రమే. నా టూల్ పోయిన ఏడాది, హాస్టల్లో టవర్ రష్ చేసి మమ్మల్ని ఏడిపించినవాడికి చాలా ఏళ్ళ తర్వాత ఫోన్ చేశాను. వేరే భాష నేర్చుకోమని, తనూ నేర్చుకుంటున్నానని చెప్పాడు. శనివారం రాత్రి ఒక ఆట వేద్దామా అని కూడా అడిగాడు. వేశాం. మళ్ళీ టవర్లే కట్టాడు.