పిల్లి వైరస్ కుక్కను పట్టిన ఏడాది

1978 వేసవి. అమెరికాలో కుక్కల డాక్టర్లకు అంతుపట్టని జబ్బొకటి ఎదురైంది. నిన్నటిదాకా గెంతులేసిన కుక్క తెల్లారేసరికి ముద్ద ముట్టదు. వాంతులు మొదలవుతాయి, ఆ వెనకే దుర్వాసనతో రక్త విరేచనాలు. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కొన్ని ఇళ్లలో ఇంకా ఘోరం జరిగింది. తల్లి దగ్గర పాలు తాగుతున్న కుక్కపిల్లలు ఏ లక్షణమూ కనపడకుండానే, ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోయాయి. కోసి చూస్తే గుండె కండరం దెబ్బతిని ఉంది. పిల్లా పెద్దా తేడా లేదు, జాతి తేడా లేదు. ఆ క్రిమిని ఎదుర్కొనే శక్తి అప్పటికి దాదాపు ఏ కుక్క ఒంట్లోనూ లేదు మరి.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా ఊళ్లో, కార్నెల్ విశ్వవిద్యాలయం వారి బేకర్ సంస్థలో లీలాండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ ఈ జబ్బు వెంట పడ్డారు. చచ్చిపోతున్న కుక్కల మలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి రేణువులు కనిపించాయి. ఒక్కొక్కటి సుమారు 25 నానోమీటర్లు, వైరస్‌లలో అతి చిన్నవాటి కోవ. కుక్కల్లో 1967లో ఇలాంటిదే ఒకటి బయటపడింది కానీ దానివల్ల పెద్దగా హాని లేదు. అందుకని కొత్తదానికి కెనైన్ పార్వోవైరస్-2 అని పేరు పెట్టారు. దీని పోలికలు మాత్రం కుక్కలవి కావు. పిల్లుల్లో దశాబ్దాలుగా ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌తో అచ్చుగుద్దినట్టు కలిశాయి. ఆ పోలికే మొదట్లో ఆదుకుంది. కుక్కలకు టీకా లేని ఆ రోజుల్లో డాక్టర్లు పిల్లుల టీకానే కుక్కలకు వేసి కొన్నింటిని కాపాడుకున్నారు. కుక్కలకంటూ సొంత టీకాను కార్మైకేల్ రెండు మూడేళ్లలోనే తయారు చేశారు.

ఇంతకీ ఇది ఎక్కడి నుంచి ఊడిపడింది? యూరప్ ప్రయోగశాలల్లో దాచి ఉంచిన పాత రక్త నమూనాలను బయటికి తీశారు. గ్రీసులో 1974 నాటి కుక్క రక్తంలోనే ఈ వైరస్ జాడ దొరికింది. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 1976-77 నాటి నమూనాల్లోనూ ఉంది. అంటే లోకానికి తెలియకముందే కనీసం నాలుగేళ్ల పాటు చడీచప్పుడూ లేకుండా తిరిగింది. బయటపడ్డాక మాత్రం రెండేళ్లలో భూగోళమంతా చుట్టేసింది.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి ఘట్టం. న్యూజిలాండ్ నుంచి పరిశోధన విద్యార్థిగా కార్నెల్‌కు వచ్చిన కాలిన్ పారిష్ ఈ వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరంగా చదవడానికి ఒక జీవితకాలం పెట్టాడు. ఆ క్రమం మొత్తం ఐదు వేల పైచిలుకు అక్షరాలే. పిల్లి వైరస్‌తో 98 శాతానికి పైగా ఒకటే. పైపెంకును కట్టే వీపీ2 ప్రొటీన్‌లో 584 అమైనో ఆమ్లాలుంటే, మారినవి అరడజను. వాటిలోనూ అసలు పని చేసింది 93వ స్థానం, 323వ స్థానం.

ఆ మార్పులు ఏం చేశాయంటే, వైరస్ చేతికి కుక్క తాళం తెరిచే చెవి ఇచ్చాయి. మన ఒంట్లోనైనా కుక్క ఒంట్లోనైనా పెరిగే కణానికి ఇనుము కావాలి. ఆ ఇనుమును లోపలికి తీసుకునే ద్వారం ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం. కుక్కల గ్రాహకం మీద ఒక చక్కెర అణువుల గుంపు అడ్డుగా నిలబడి ఉంటుంది, దాన్ని దాటి పిల్లి వైరస్ అతుక్కోలేదు. మారిన వైరస్ అతుక్కుంది. ఎక్కువ ఇనుము కావలసినవి వేగంగా విభజన చెందే కణాలు: పేగు లోపలి పొర, ఎముక మూలుగ. పైగా తన నకళ్లు తీసుకోవడానికీ ఈ వైరస్‌కు విభజన చెందుతున్న కణమే కావాలి. కాబట్టే పేగు పొర ఊడి రక్తం పడుతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి.

అక్కడితో ఆగలేదు. కుక్కను పట్టిన తొలి రకం పిల్లికి సోకే గుణాన్ని పోగొట్టుకుంది. 1979-80 ప్రాంతంలో మరికొన్ని మార్పులతో 2ఏ రకం పుట్టి ఆ గుణాన్ని తిరిగి సంపాదించింది, తొలి రకాన్ని లోకంలో లేకుండా చేసింది. 1984లో 2బీ. 2000లో ఇటలీలో 2సీ. ఈ రెండింటికీ గుర్తు 426వ స్థానంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం. డీఎన్ఏ వైరస్‌లు నిదానంగా మారతాయంటారు. ఇది మాత్రం దాదాపు ఆర్ఎన్ఏ వైరస్‌ల వేగంతో మారుతోంది.

ఇలా గడప దాటింది పార్వో ఒక్కటే కాదు. 2004లో ఫ్లోరిడాలో పందెపు కుక్కల్లో బయటపడ్డ గుర్రాల ఫ్లూ కుక్కల ఫ్లూగా స్థిరపడింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది.

ఇక మన గడప సంగతి. 1982లో మద్రాసులో రామదాస్, ఖాదర్ అనే శాస్త్రవేత్తలు జబ్బు కుక్కల నమూనాలను అగార్ జెల్ పరీక్షకు పెట్టారు. పలచటి జెల్‌లో రెండు గుంతలు తీసి, ఒకదాంట్లో నమూనా, రెండోదాంట్లో వైరస్‌ను గుర్తుపట్టే సీరం పోస్తారు. అవి రెండూ కలిసిన చోట తెల్లటి గీత తేలితే జబ్బు ఖాయం. గీత తేలింది. మెరిసే రంగు పూసిన యాంటీబాడీల పరీక్షా అదే చెప్పింది. ఇథాకాలో గుర్తుపట్టిన నాలుగేళ్లకే పార్వో మనకు పొరుగున ఉందన్నమాట. మద్రాసు నుంచి తిరుపతికి బస్సులో మూడు నాలుగు గంటల దారి. తర్వాతి ఏళ్లలో 2ఏ, 2బీ, 2సీ మూడూ మన దేశంలో కనిపించాయి.

తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి కేంద్రం కూడా ఈ ఊరే. వైద్యానికి కొదవ లేని చోటు ఇది. అయినా తిరుపతి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, ఎక్కడి పశువుల ఆసుపత్రి వరండాలోనైనా ఇలాంటి మాటలు వినపడతాయి.

"సార్, నిన్న మాపటేల నుంచి కక్కుతా ఉండాది. ఇప్పుడు నెత్తురు పోతా ఉండాది."

"టీకాలు వేయించినావా నాయనా?"

"ఒకటి వేసినామని అమ్మినోళ్లు చెప్పినారు సార్. ఇంగ భయం లేదులే అనుకున్నా."

ఆ "ఒకటి" దగ్గరే కుక్కపిల్లల ప్రాణాలు పోతున్నాయి. తల్లి ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీలు కొన్ని వారాలు పిల్లను కాస్తాయి. అవే టీకానూ పని చేయనివ్వవు. అవి తగ్గుతూ తగ్గుతూ, వైరస్‌ను ఆపడానికి చాలనంత, టీకాను మాత్రం చెడగొట్టేటంత మిగిలే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజులు ఏ పిల్లకు ఎప్పుడొస్తాయో పైకి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలంటారు. ఒకటి వేసి వదిలేస్తే ఆ టీకా వృథా అయివుండవచ్చు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వేలకు వేలు పోసి పిల్లను తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు. వీధిలో దొరికిన పిల్లను జాలిపడి తెచ్చుకున్న ఇంట్లో అసలు టీకా ఊసే ఉండదు.

జబ్బు పడ్డాక వైద్యం అందకపోతే పదింటిలో తొమ్మిది దక్కవు. వేళకు సెలైన్, వాంతులు ఆపే మందు, పేగు గుండా బ్యాక్టీరియా రక్తంలోకి పాకకుండా యాంటీబయాటిక్ పడితే ఎక్కువ భాగం బతుకుతాయి. వైరస్‌ను చంపే మందు కోసం వెతుక్కుంటూ ఒక రాత్రి పోగొట్టుకోవద్దు. ఒంట్లో నీళ్లు నిలబెట్టడమే అసలు వైద్యం.

పార్వో మనిషికి సోకదు. మన చెప్పులకు అంటుకుని మాత్రం ఇంట్లోకి వస్తుంది. కొవ్వు పొర లేని వైరస్ కాబట్టి స్పిరిట్‌కు చావదు, మామూలు ఫినాయిల్‌నూ నమ్ముకోలేం. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లకు చస్తుంది.

రకాలు ఎన్ని మారినా ఇప్పుడున్న టీకాలు ఇంకా కాపాడుతున్నాయి. కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు ఈ వారమే దాని టీకా కార్డు తీసి చూడండి. పదహారు వారాలు నిండాక వేసిన టీకా తేదీ అందులో లేకపోతే రేపు పొద్దున్నే దగ్గరి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. ఇప్పటి రకాలు పిల్లికీ సోకుతాయి కాబట్టి, ఇంట్లో పిల్లి ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లండి.